మూడుసార్లు తీసిన గుండె బొమ్మ

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు వినబడదు, చాపను ఈ గోడ వైపు లాక్కుని కూర్చోండి. చెప్పేది పెద్ద కథేం కాదు, మా ఇంట్లో జరిగిందే. నేను ఐదో తరగతి దాకే చదివాను. తేదీలు అడిగితే తడబడతాను. కానీ ఎవరు ఏ మాట అన్నారో, అప్పుడు పొయ్యి మీద ఏముందో మాత్రం మరిచిపోను.

మా ఆయన పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్లూ మేం దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నాం. నడిచి పోయేవాడు, నడిచి వచ్చేవాడు. మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయాక మేం ఎల్బీనగర్ వైపు ఒక కాలనీలో కింది పోర్షన్‌కు మారాం. తెల్లవారగానే తోటి హమాలీలతో కలిసి షేర్ ఆటో ఎక్కి, పెద్ద అంబర్‌పేట్ దాటి లారీల మధ్య దిగేవాడు. బత్తాయిని అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి పైకీ కిందికీ ఆడించి, లోపల రసముందో పీచుందో చెప్పేవాడు. తొక్క మెరుపు చూసి మోసపోయే వ్యాపారులను చూసి నవ్వేవాడు. కానీ నలుగురిలో నోరు తెరవని మనిషి. పెళ్లిళ్లలో వడ్డించే పని అప్పగిస్తే హాయిగా చేసేవాడు, మాట్లాడమంటే బయటికి వెళ్లి బీడీ ముట్టించేవాడు.

పుచ్చకాయల కాలంలో ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. లోపలికి రాకుండా పై అంతస్తుకు పోయే మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. మా ఇంటి ఓనరమ్మ పైనుంచి దిగుతోంది. ఆమెది గోదావరి వైపు. మనసు మంచిదే కానీ నోటికి తాళం ఉండదు.

"ఏవయ్యా, మెట్లు మీద కూర్చున్నావేంటి? వెంట తీసుకెళ్లిపోతావా ఏంటి వాటిని?" అంది.

"గ్యాసు పట్టింది ఆంటీ. సోడా తాగిన, తగ్గుతది."

"మా ఆయన కూడా గ్యాసే అన్నారు. ఆ గ్యాసుకే స్టెంటు వేశారు. లే, ముందు లే. అమ్మాయ్, ఆటో పిలువు!"

ఆమె పట్టుబట్టకపోతే ఆయన ఆ సాయంత్రం మళ్లీ మార్కెట్టుకు పోయేవాడే. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లాయన చూపించుకునే గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఈసీజీ బాగానే ఉంది. అయినా డాక్టరుకు అనుమానం తీరలేదు. గుండెకు సీటీ స్కాన్ రాశాడు. ఖర్చు మాట ఇక్కడ ఎందుకులెండి.

స్కాన్ గదిలోకి నన్ను రానివ్వలేదు. అక్కడి అమ్మాయి ఆయనకు ముందే ఒక గోలీ మింగించి కూర్చోబెట్టింది. పరుగెత్తే గుండెకు బొమ్మ సరిగా రాదట, నెమ్మదించాలట. "చేతి నరంలోకి మందు ఎక్కిస్తం. ఒళ్లంత వేడైతది. కింద తడిసినట్టు అనిపిస్తది, తడువదు. పరేషాన్ కావొద్దు. ఊపిరి బిగపట్టమంటే బిగపట్టాలె," అని చెప్పింది. బయటికి వచ్చాక నా చెవిలో అన్నాడు: "తడువలేదు గని, ఒక్కసారి లుంగీ పట్టుకుని చూసుకున్న." ఇద్దరం నవ్వాం. ఆ వరండాలో మరెవరూ నవ్వడం లేదు.

డాక్టరు కంప్యూటర్ తెర మీద చూపించాడు. వంకర్లు తిరిగి ఉండే రక్తనాళాన్ని పొట్లకాయలా నిలువుగా సాగదీసి పెట్టారు. మధ్యలో ఒకచోట తెల్లటి చుక్కలు, వాటి పక్కన గోడకు అంటుకుని నల్లటి ఉబ్బు.

"ఈ తెల్లగా ఉన్నది గట్టిపడిన సున్నం. మానిన పుండు మీద చెక్కు కడుతుంది చూడండి, అలాంటిది. నాకు భయమంతా ఈ నల్లదాని గురించే. ఇది మెత్తటి కొవ్వు. ఇది పగిలితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది," అన్నాడు డాక్టరు.

"కోయకుంటనే లోపలంత కనబడ్తదా సార్?" అన్నాడు మా ఆయన.

"కనబడుతుంది."

"గిసోంటి మిషన్ మా మార్కెట్ల ఒకటి పెడితే బత్తాయి యాపారి ఎవ్వడు మోసం చెయ్యలేడు."

డాక్టరు నవ్వాడు. దారి ఇంకా బాగానే తెరిచి ఉంది, స్టెంటు అక్కర్లేదు, రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక గోలీ, బీడీ బంద్, అని చెప్పాడు. "రెండేళ్ల తర్వాత మళ్లీ తీయిద్దాం. ఇదే మిషన్ మీద తీయించండి. అప్పుడే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, పెరిగిందో తగ్గిందో సరిగా చూడగలం."

ఆ రెండేళ్లూ ఆయన మాట తప్పలేదు. గోలీల పట్టీ వంటింటి గూట్లో, పోపుల డబ్బా పక్కన ఉండేది. కంచం కడుక్కుని వచ్చి చెయ్యి చాపేవాడు. "ఏమే, నా మిఠాయి ఇయ్యి," అనేవాడు. బీడీ మానేసినప్పుడు మాత్రం నెల రోజులు ఇంట్లో ఎవరినీ బతకనివ్వలేదు.

రెండోసారి స్కాన్ బత్తాయిల కాలంలో తీయించాం. అదే మిషన్, అదే వరండా. ఈసారి డాక్టరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాడు. తెల్లటి చుక్కలు మొదటిదానికంటే ఎక్కువ కనబడ్డాయి.

"సున్నం పెరిగింది గద సారూ?" అన్నాను.

"పెరిగింది, అది మంచికే. నల్లదాన్ని చూడండి, ఎంత చిక్కిపోయిందో. మెత్తటిది తగ్గి గట్టిపడుతోంది. మందు బాగా పని చేస్తోంది. ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి."

తిరిగి వస్తుంటే ఆయన దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నిలబడిపోయాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఇయ్యాల మెట్రోల పోదాం," అన్నాడు. దగ్గరి దూరమే, ఎక్కితే ఎల్బీనగర్ వచ్చేస్తుంది. అయినా ఎక్కాం. అద్దానికి నుదురు ఆనించి కింద బస్సుల వంక, కోచింగ్ సెంటర్ల బోర్డుల వంక చూస్తూ, "తగ్గింది, చూసినవా, తగ్గింది," అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. ఆ రోజు అంత సంతోషపడకుండా ఉంటే బాగుండేదేమో అని తర్వాత ఎన్నోసార్లు అనిపించింది.

ఇక్కడ మా సంఘం సంగతి చెప్పాలి. మేం చర్చికి పోయేవాళ్లం. రేకుల షెడ్డు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద, ఆడవాళ్లు ఒకవైపు. పాటలయ్యాక, వాక్యం మొదలుపెట్టే ముందు, ఎవరికైనా మేలు జరిగితే లేచి సాక్ష్యం చెప్పడం మా పద్ధతి. పిల్లకు సంబంధం కుదిరిందని ఒకరు, జ్వరం తగ్గిందని ఒకరు, పోయిన ఫోను దొరికిందని ఒకరు లేచి మైకు పట్టుకుని చెబుతారు. మా ఆయన ఎన్నడూ లేవలేదు. చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా వెనక కూర్చునేవాడు. ఆ ఆదివారం లేచాడు.

మొదట ఉన్నదే చెప్పాడు. గుండెలో కొవ్వు ఉందన్నారు, రెండేళ్ల తర్వాత బొమ్మ తీస్తే తగ్గింది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆయన మెడ నిటారైంది. "డాక్టర్లే నోరు తెరిచిన్రు," అన్నాడు. డాక్టరు నోరు తెరవడం నేనైతే చూడలేదు. ఇంకా గట్టిగా చప్పట్లు. అప్పుడు ముందు వరసలోని సంఘ పెద్ద, ఇనుప సామాను దుకాణం నడిపే ఆయన, కూర్చున్న చోటి నుంచే అడిగాడు.

"తమ్మీ, గోలీలేమన్న ఏస్కున్నవా, ఉత్త ప్రార్థనతోనేనా?"

ఆయన అడగడంలో ఎత్తుపొడుపు లేదు. సంతోషం కొద్దీ అడిగాడంతే. మా ఆయన మైకు వంక చూశాడు. అంతమంది ముఖాలు ఆయన వైపు తిరిగి ఉండడం బహుశా జీవితంలో అదే మొదటిసారి.

"లేదన్నా. ఉత్త ప్రార్థనతోనే."

షెడ్డు మారుమోగిపోయింది.

ఇంటికి వచ్చాక అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ పూట పచ్చిపులుసు చేశాను, ఆయనకు ఇష్టమని. రాత్రి ఎప్పటిలా గోలీ తెచ్చి కంచం పక్కన పెట్టాను.

"తీసెయ్యి," అన్నాడు.

"ఎందుకయ్యా?"

"ఇయ్యాల్టి సంది ఏస్కోను. ఏస్కుంటే నేను అందరి ముంగట చెప్పింది అబద్ధమైతది."

"అది అబద్ధమే గదా! రెండేండ్ల సంది మింగుతనే ఉంటివి."

"అయిపోయిందేదో అయిపోయింది. ఇగ ఇప్పటి సందన్న నిజం ఉండాలె."

అబద్ధం ఆడినవాళ్లు దాన్ని దాచుకుంటారు, లేకపోతే మరచిపోతారు. మా ఆయన దాన్ని నిజం చేయడానికి కూర్చున్నాడు. అంత నిజాయితీ గల మనిషి ఆ ఒక్క మాట ఎందుకన్నాడో, అన్నందుకు తన గుండెనే ఎందుకు పణం పెట్టాడో, నాకు ఈరోజుకీ పూర్తిగా అర్థం కాలేదు. ఒకటి మాత్రం తెలుసు. నేను కోప్పడ్డ కొద్దీ ఆయన మెత్తబడేవాడు కానీ, మెట్టు దిగేవాడు కాదు.

పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "అయ్యో తల్లీ, నేనే షుగరు గోలీ మింగి మందిరానికొస్త. దేవుడు డాక్టర్లను ఉత్తగనే పుట్టించిండా?" అని, ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పి చూశాడు.

"మీరు మింగొచ్చు అయ్యగారూ. మీరు సాక్ష్యం చెప్పలే గద, నేను చెప్పిన," అన్నాడు మా ఆయన. టీ చల్లారిపోయింది.

ఓనరమ్మతో చెప్పుకుని ఏడిస్తే, "ఏడుపెందుకు అమ్మాయ్, పొడి చేసి మజ్జిగలో కలిపెయ్యి. మా ఆయనకి కాకరకాయ అలాగే తినిపించా పాతికేళ్లు," అంది. అలాగే చేశాను. ఎండాకాలం, రోజూ మజ్జిగ తాగేవాడు. కొన్నాళ్లు సాగింది. ఒకరోజు గ్లాసు అడుగున తెల్లటి నలుసులు కనబడ్డాయి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. నా వంక చూశాడు. కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. గ్లాసు తీసుకెళ్లి మోరీలో వంపేసి, కడిగి, బోర్లించి వచ్చాడు.

"నేను చెప్పింది నిలబెట్టుకుందామని చూస్తుంటే నువ్వే నన్ను అబద్ధాలోణ్ణి చేస్తవా?"

అప్పటినుంచి ఇంట్లో మజ్జిగ తాగడం మానేశాడు. గోలీల పట్టీ గూట్లో అలాగే ఉండిపోయింది.

ఈలోగా ఆయన పెద్దమనిషి అయిపోయాడు. వెనక చాప మీది మనిషిని ముందుకు రమ్మన్నారు. ఒంట్లో బాగాలేని వాళ్లు, "అన్నా, నీకు తగ్గింది గదా, మా తల మీద జర చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి," అని వచ్చేవారు. అల్మాస్‌గూడ నుంచి ఒక అవ్వ ఆటోలో వచ్చేది. ఆమెకు బీపీ, గుండె దడ. ఆయన తల మీద చెయ్యి పెడితే ఆమె ముఖం తేటపడేది. మార్కెట్లో బస్తాల కింద వంగిన మెడ, ఆ ఇళ్లలో ఎంత నిటారుగా ఉండేదో నేను చూశాను. ఊరికే తప్పు పట్టలేను. ఆ గౌరవం ఆయనకు అంతకుముందు ఎవరిచ్చారు కనుక?

కానీ మనిషి నెమ్మదించాడు. ఆటో దిగి ఇంటికి వచ్చేలోపు రెండు చోట్ల ఆగేవాడు. ఆగినప్పుడు ఆయాసానికి నిలబడ్డట్టు కనబడకూడదని, దుకాణం బోర్డు చదువుతున్నట్టు నటించేవాడు. ఆయనకు అక్షరాలు కూడబలుక్కోవడమే రాదు.

మూడో స్కాన్ సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు. రెండేళ్లు దగ్గరపడ్డాయి, మామిడిపండ్ల కాలం మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసే మా కొడుకు ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు.

"ఇంకోపారి తీపిద్దాం రా," అన్నాడు వాడితో. "మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టి మందిరంల అందరికి చూపిస్త."

"తీపిద్దాం నాయినా, కని ఎక్కువైతే?" అన్నాడు కొడుకు.

"గా మాట అనకు."

పరీక్ష బాగా రాసిన పిల్లాడిలా పోయాడు ఆ రోజు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. గోలీ మింగించే అమ్మాయిని గుర్తుపట్టి, "బిడ్డా, ఈసారి లుంగీ తడుముకోను," అని నవ్వించాడు.

డాక్టరు మూడు బొమ్మలూ తెర మీద వరసగా పెట్టాడు. మొదటిది, రెండోది, మూడోది. చదువు రాని నాకే తెలిసిపోయింది. మొదటి బొమ్మలో ఉన్న నల్లటి ఉబ్బు రెండోదాంట్లో చిక్కిపోయి ఉంది. మూడోదాంట్లో అది మొదటిదానికంటే లావుగా ఉంది. దాని పైన, ఇంతకుముందు ఏమీ లేని చోట, ఇంకొకటి పుట్టింది. పొట్లకాయ నడుమ గట్టిగా తాడు బిగించి కట్టినట్టు సన్నబడిపోయింది దారి.

డాక్టరు పాత కాగితాలు తిరగేశాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

"గోలీ రోజూ వేసుకుంటున్నారా?"

"ఏస్కుంటున్న సార్."

"రోజూ?"

"రోజు."

అది రెండో అబద్ధం. మొదటిదాన్ని నిజం చేయబోయి రెండోది ఆడాల్సి వచ్చింది. ఆయన చేతులు ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నాడు.

"వేసుకుంటూ ఉంటే ఇలా పెరగకూడదే! అలాగైతే నేను వేరే రకంగా ఆలోచించాలి," అన్నాడు డాక్టరు, కాగితం దగ్గరికి లాక్కుంటూ.

"లేదు సారూ," అన్నాను నేను. "ఏస్కుంటలేడు. రెండో బొమ్మ తీసిన సంది బందు పెట్టిండు."

మా కొడుకు తల దించుకున్నాడు. మా ఆయన నా వంక చూడలేదు. మూడో బొమ్మనే చూస్తున్నాడు. డాక్టరు ఎందుకు మానేశావని కూడా అడగలేదు. "గోలీ ఇవాళే మొదలుపెట్టండి. రేపే అడ్మిట్ అవ్వండి. స్టెంటు వేయాల్సి రావచ్చు. బరువులు ఎత్తొద్దు, ఒక్క పెట్టె కూడా," అన్నాడు.

"ఆదివారం అయినంక ఒస్త సార్."

"ఆదివారం ఏముంది?"

"ఒక మాట చెప్పేదుంది."

డాక్టరు నా వైపూ, మా కొడుకు వైపూ చూశాడు. "మీరైనా చెప్పండి ఆయనకు," అన్నాడు. చెప్పాం. మెట్లు దిగుతూ చెప్పాం, ఆటోలో చెప్పాం, ఇంటికొచ్చాక ఓనరమ్మ కిందికి దిగి వచ్చి అరిచి చెప్పింది. "నీ మాట ఆదివారం దాకా ఆగుతుందేమో కానీ, నీ గుండె ఆగుతుందా ఏంటి? అదేమైనా నీ పాలేరా?" అంది. ఆయన చిన్నగా నవ్వాడు.

ఆ పూట కొత్త పట్టీ చించి గోలీ ఆయన అరచేతిలో పెట్టాను. బత్తాయిని ఆడించినట్టు దాన్ని అరచేతిలో పైకీ కిందికీ ఆడించాడు. మళ్లీ నా చేతిలో పెట్టేశాడు.

"ఆదివారం అందరి ముంగట చెప్త. నేను గోలీలు మింగిన, మింగలేదని చెప్పిన, తప్పయింది అని చెప్త. చెప్పినంక మింగుత. చెప్పకుంట మింగితే దొంగతనం చేసినట్టుంటది."

"దేవుడు గింత గట్టిగ పట్టుకుంటడా అయ్యా మనుషులను?"

"దేవుడు కాదే. నేనే పట్టుకున్న."

ఆదివారం వచ్చింది. అందరికంటే ముందే వెళ్లి, ముందు చాప మీద కాకుండా పాత చోటులో, చెప్పుల దగ్గర కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చెప్పవలసిన మాటలు లోపల అనుకుంటున్నాడని నాకు తెలుస్తోంది. కానీ ఆ రోజు వేరే ఊరి నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిచారు. ఆయనకు మళ్లీ సాయంత్రం ఇంకోచోట కూటం ఉందట. సమయం లేదు, ఈ వారం సాక్ష్యాలు ఉండవు అని సంఘ పెద్ద మైకులో చెప్పాడు. మా ఆయన సగం లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. వచ్చినాయన చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. నా జ్ఞాపకంలో ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే.

అయిపోయాక అయ్యగారిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆయన మా ఆయన భుజం పట్టుకున్నాడు. "నాతోని చెప్పినవు గదా, చాలు. ఇంటికి పోయి గోలీ మింగు, పొద్దున్నే దవాఖానకు పో."

"అందరి ముంగట అన్న అయ్యగారూ. మీ ఒక్కరి చెవుల చెప్తే ఎట్ల దిగుతది? పై ఆదివారం మైకియ్యున్రి. సోమారం పోయి దవాఖానల షరీకైత."

ఆ వారం మార్కెట్టుకు పోనని నాకు మాటిచ్చాడు. రెండు రోజులు ఉన్నాడు. మూడో రోజు పొద్దున, మామిడి లారీలు బారులు తీరాయని ఫోనొస్తే, "బరువెత్తను. ఊకే నిలవడి చెప్త, గంతే," అని బయలుదేరాడు. బరువెత్తలేదు కూడా. తోటి హమాలీలు ఒట్టేసి చెప్పారు. లారీ నీడలో గడ్డి మీద కూర్చుని, మామిడిపండు ఒకటి చేతిలో పట్టుకుని ఉన్నాడట. పండును చూసుకుంటున్నాడనుకున్నారు. చేతిలోంచి పండు జారి దొర్లినా కదలకపోతే అప్పుడు చూశారు. హైవే మీద ఎల్బీనగర్ దాకా తెచ్చారు. ఆస్పత్రిలోకి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు. నేను చేరేసరికి ఆయన చొక్కా జేబులో మామిడి ఆకు ఒకటి ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో తెలియదు.

కొన్నాళ్లకు జ్ఞాపకార్థ కూడిక పెట్టారు, అదే రేకుల షెడ్డులో. సంఘ పెద్ద మైకు తీసుకుని, దేవుడు స్వస్థపరిచిన మనిషి, సమయం వచ్చింది, పిలుచుకున్నాడు అన్నాడు. అందరూ తలలూపారు. వింటుంటే అది చల్లగా, బాగానే ఉంది. అలా వదిలేస్తే అందరం ఏడ్చి, అన్నాలు తిని ఇళ్లకు పోయేవాళ్లం. అయ్యగారు నా వైపు చూసి, "అమ్మా, రెండు మాటలు చెప్తవా?" అన్నాడు.

లేచాను. మైకు పట్టుకోవడం నాకూ అదే మొదటిసారి.

"ఆయన చెప్పేటోడు, చెప్పకుంటనే పోయిండు. గందుకని నేను చెప్తున్న," అన్నాను. "ఆయన రెండేండ్లు గోలీలు మింగిండు. గుండెల కొవ్వు తగ్గింది. ఈడికొచ్చి మింగలేదని చెప్పిండు. ఆ మాట నిజం చెయ్యాల్నని బందు పెట్టిండు. కొవ్వు మళ్ల పెరిగింది, బొమ్మల నా కండ్లతోని చూసిన. తప్పయిందని చెప్పెటందుకు పోయిన ఆదివారం కాదు, అంతకు ముందటి ఆదివారం, ఆ చెప్పుల కాడ కూసున్నడు. మీకు టైము లేకుండె. ఈడ ఎవ్వరన్న గోలీలు దాసి పెట్టుకున్నోళ్లుంటే, ఇంటికి పోయి మింగున్రి. నాకు చప్పట్లు కొట్టకున్రి."

ఎవరూ కొట్టలేదు. ఆమెన్ అని కూడా ఎవరూ అనలేదు. పైన రేకుల మీద కాకి నడిచిన చప్పుడు వినబడింది.

భోజనాల దగ్గర మా మరిది నా పక్కకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పోయినోని ఇజ్జత్ తీస్తివి గద వదినా. అన్నను నలుగురు దేవునిలెక్క చూస్తుండె."

"నీ అన్న చెప్దామనుకున్నదే చెప్పిన మరిదీ. ఇజ్జత్ కోసమే పోయిండు నీ అన్న, ఇంక నేనేం తీస్త?"

ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. ఇప్పటికీ లేదు. సంఘ పెద్ద మాత్రం ఆ తర్వాత ఎవరినీ ఆ ప్రశ్న అడగడం నేను వినలేదు.

పది రోజులు గడిచాయో లేదో, అల్మాస్‌గూడ అవ్వ వచ్చింది. గుమ్మంలో కూర్చుని రొప్పుతోంది. ముఖం ఉబ్బి ఉంది. మంచినీళ్లిచ్చాను. తాగి, కొంగు ముడి విప్పింది. లోపల నలిగిన గోలీల పట్టీలు, ఒక్కటీ చించనివి.

"నీ పెనిమిటి ప్రార్థన చేసినంక ఇవి ఏస్కుంటలేను బిడ్డా," అంది. "నా గుండెకు బొమ్మ తియ్యలే గద, లోపలేమున్నదో నాకెట్ల ఎర్క? ఇప్పుడు మళ్ల మింగొచ్చునా? దేవునికి కోపమొస్తదా?"

ఆ పట్టీలు చూస్తుంటే నాకు ఆయన అరచెయ్యి గుర్తొచ్చింది. ఏం చెప్పాలో తెలియక, చీర మార్చుకుని, ఆమెను చెయ్యి పట్టుకుని దగ్గర్లోని బస్తీ దవాఖానకు నడిపించుకుని పోయాను. ఆమె దారిలో రెండు చోట్ల ఆగింది. ఆగిన ప్రతిసారీ నేనూ ఆగాను. అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి గాభరాపడింది, పెద్దాసుపత్రికి పంపింది. అవ్వ ఇప్పుడు ఉంది, కానీ ఒక కాలూ చెయ్యీ సరిగా ఆడవు. మా ఆయన ఇది చూడలేదు. అది మాత్రం మేలే అనుకుంటాను.

డాక్టరు మా కొడుకును కూడా పరీక్ష చేయించుకోమన్నాడు. తండ్రికి ఉంటే పిల్లలకూ రావచ్చట. రక్తంలో కొవ్వు ఎక్కువే ఉంది. వయసు తక్కువ, ఇప్పుడే స్కాన్ వద్దు, గోలీ మొదలుపెట్టు అన్నాడు. ఇప్పుడు మా వంటింటి గూట్లో, పోపుల డబ్బా పక్కన, మళ్లీ అదే పట్టీ ఉంది. రాత్రి వాడు కంచం కడుక్కుని వచ్చి చెయ్యి చాపుతాడు. వాళ్ల నాన్నలా మిఠాయి అని మాత్రం అనడు. నేను ఇస్తాను, వాడు నా ఎదురుగా మింగి, నోరు తెరిచి చూపిస్తాడు. చూపించమని నేను ఎప్పుడూ అడగలేదు.

అంతే, చెప్పాల్సింది అయిపోయింది. చాప మీద మీ కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి మగవాళ్లు మెట్ల మీద కూలబడకుండా, మెట్లెక్కి నేరుగా మీ దగ్గరికి రావాలి. మీ పొయ్యి మీద అన్నం ఉడకాలి, తినేవాళ్లందరూ వచ్చి తినాలి. నోటితో అన్న మాటను వెనక్కి తీసుకోవాల్సి వస్తే, దానికి సమయం మీ ఇంట్లో ప్రతివాళ్లకూ దొరకాలి. పోయి రండి, నా తండ్రులారా, నా తల్లులారా.